గొర్రె అదే, గుర్తు మారింది

2023 వానాకాలం. అప్పుడు నేను జనగామలో ఒక పిల్లల దవాఖానలో జెనెటిక్ కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. అంటే మందులు రాసే మనిషిని కాదు. వంశంలో నడిచే జబ్బు ఎటు నుంచి వచ్చిందో, ఎటు పోతుందో రక్తపరీక్షలతో వెతికి, ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లను ఊరంతా అప్పటికే అడిగి ఉండే ప్రశ్న ఒకటుంది. "మేనరికమా?" కాదంటే ఇక తప్పు తల్లిదేనని తీర్పు. ఆ తీర్పు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దంతాలపల్లి నుంచి వచ్చిన స్వరూపది మేనరికం కాదు. కొడుకు చిన్నుకు ఐదేళ్లు నిండబోతున్నాయి, ఇంకా మాట రాలేదు. చేతులు పైకెత్తి తూలుతూ నడుస్తాడు. అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. నీళ్లు కనిపిస్తే చాలు, పండగే. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. నా గదిలో వాటర్ ఫిల్టర్‌ను చూసి ఒకటే నవ్వు. అది ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అని పరీక్షలో తేలింది. యూబీఈత్రీఏ అనే ఒక్క జన్యువులో లోపం వల్ల వచ్చే అరుదైన జబ్బు.

అదే లోపం స్వరూప రక్తంలోనూ ఉంది. కానీ ఆమె కుట్టుమిషన్ మీద సగం ఇల్లు నడుపుతున్న చురుకైన మనిషి. జబ్బు లేని ఆమెకు ఆ లోపం ఎవరి నుంచి వచ్చిందని నాకు కుతూహలం. ఆమె బాధ వేరు.

"మేడం, మా చెల్లె లావణ్యకు మూడో నెల. టేకుమట్లల ఉంటది. దానికి పుట్టేటోళ్లు గిట్లనే అయితరా?" అని అడిగింది. చిన్నును ఒళ్లోకి లాక్కుని, "కడుపుతోని ఉన్నోళ్లు గీని మొకం చూడొద్దని వాళ్ల అత్త చెప్పిందట. మా ఇంటికి వస్తనే లేదు. ఫోన్ల వీని నవ్వు వినవడితే చాలు, పెట్టేస్తది" అంది.

స్వరూప అమ్మానాన్నల రక్తం పరీక్షించాం. తల్లిలో లోపం లేదు. తండ్రి మల్లయ్యలో ఉంది. లావణ్య మాత్రం తన రక్తం వాళ్లకు దగ్గరున్న భూపాలపల్లిలోనే ఇచ్చి పంపింది, జనగామ వస్తే చిన్ను ఎదురుపడతాడని.

మల్లయ్యది నర్మెట్ట, గొర్లకాపరి. రిపోర్టు సంగతి చెప్పగానే ఒప్పుకోలేదు.

"మా ఇంట్ల ఎవ్వలకు గీ బీమారి లేదు బిడ్డా. నేను రోజు గుట్టెక్కి దిగుతున్న. నా బిడ్డలిద్దరు మంచిగున్నరు. మరి గిది నాదెట్లయితది?"

అడగాల్సిన ప్రశ్నే. ప్రతి జన్యువూ మనలో రెండుంటాయి, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. మామూలుగా రెండూ పనిచేస్తాయి. ఈ జన్యువు మాత్రం మెదడు కణాల్లో అమ్మ ఇచ్చిందే పనిచేస్తుంది, నాన్న ఇచ్చింది నిద్రపోతుంది. ఏది ఎవరిదో తెలిపే రసాయన గుర్తులు డీఎన్‌ఏ మీద ఉంటాయి. దీన్నే ఇంప్రింటింగ్ అంటారు. ఇదంతా చెబితే తండ్రీకూతుళ్లిద్దరూ తెల్లమొహం వేశారు.

"బాపు, అంగట్ల కొన్న గొర్రెను నీ మందల ఎట్ల కలుపుతవు?" అని అడిగాను.

"ఉన్ని కత్తిరిస్త. పాతోళ్లు వేసిన రంగు పోతది. వీపు మీద నా ఎర్రపట్టె వేస్త."

"మరి గొర్రె మారినట్టేనా?"

"గొర్రె ఎందుకు మారుతది? గుర్తు మారుతది, గంతే."

నాకు కావలసింది అదే. స్వరూప తన తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడే, ముందుముందు అండాలు కాబోయే కణాలు ఆమెలో ఏర్పడ్డాయి. వాటిని ప్రిమోర్డియల్ జెర్మ్ సెల్స్ అంటారు. పాత గుర్తులన్నీ వాటిలో చెరిగిపోతాయి. తర్వాత అండం పెరిగేటప్పుడు అన్నిటి మీదా తల్లి గుర్తే పడుతుంది. మగపిల్లాడిలోనైతే తండ్రి గుర్తు. ఎలుకల్లోనూ ఇదే పద్ధతి. ఆడపిల్ల తాను ఇంకా పుట్టకముందే తన పిల్లల కోసం ఈ పని మొదలుపెడుతుందన్నది ఎన్నేళ్లు చదివినా నాకు వింతగానే ఉంటుంది.

మల్లయ్యకు ఆ లోపం వాళ్ల నాన్న వైపు నుంచే వచ్చి ఉండాలి, అందుకే ఆయనలో నిద్రపోయింది. స్వరూపకూ నాన్న నుంచే వచ్చింది కాబట్టి ఆమెలోనూ నిద్రపోయింది. ఆమె అండంలో అదే జన్యువు తల్లి గుర్తు వేసుకుంది. చిన్నులో పనిచేయాల్సింది అదే, అది చేయలేకపోయింది.

మల్లయ్య తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. "అంటే నా మందల నుంచే పోయింది గద. ఊరంత నిన్నంటుంటే నేను గమ్మున కూసున్న బిడ్డా."

"నీకు మాత్రం ఏమెరుక నాయినా?" అంటూ స్వరూప ఆయన చెయ్యి పట్టుకుంది.

ఇక లావణ్య సంగతి. లోపం ఆమెకు వచ్చి ఉండడానికీ రాకపోవడానికీ సమాన అవకాశం. వచ్చి ఉంటే కడుపులో బిడ్డకూ పరీక్ష చేయాల్సి వస్తుంది. రిపోర్టు వచ్చిన రోజు ఆమెను పిలిపించాను. చిన్నును తీసుకురావద్దని ముందే కబురు పెట్టింది. కానీ వాడిని ఎవరి దగ్గర వదలాలి? మల్లయ్య వాడిని వరండాలో ఆడిస్తున్నాడు. లావణ్య తల వంచుకుని వాళ్లను దాటి లోపలికి వచ్చి, అక్కకు ఎడంగా కూర్చుంది. నేను కవరు చేతిలోకి తీసుకున్నాను.

"జర ఆగుండ్రి మేడం" అని లేచి బయటికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి చిన్ను ఆమె చంకలో ఉన్నాడు. జడ పట్టి లాగుతూ నవ్వుతున్నాడు.

"గొర్ల ముచ్చట నాయిన ఫోన్ల చెప్పిండక్కా. నాకు వచ్చేదుంటే నేను పుట్టకముందుకే వచ్చింది గద. మరి వీడేం చేసిండు? మా అత్తకు నేనే చెప్పుకుంట." కూర్చుని, ఒళ్లో వాడిని సర్దుకుని నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పుండ్రి మేడం."

లోపం లేదు. ఆ మాట వినగానే ముందు ఏడ్చింది స్వరూప. లావణ్య చిన్ను తలలో మొహం దాచుకుంది. వాడు మాత్రం ఫిల్టర్ వైపు చేతులు చాచి నవ్వుతున్నాడు.

తర్వాత లావణ్యకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ ఫోటో నాకూ పంపింది. తొట్టెల పక్కనే చిన్ను, తడిసిన చొక్కాతో.

కొత్త కుటుంబం వచ్చినప్పుడు పెడిగ్రీ చార్ట్ గీస్తాం, అంటే వంశవృక్షం. ఎవరికి ఏ జబ్బుందో అడిగి గుర్తులు పెడతాం. అది అయ్యాక ఇప్పుడు నేను ఇంకో మాట కూడా అడుగుతున్నాను. ఈ పిల్లాడు పుట్టినప్పటి నుంచి మీ ఇంటికి రావడం మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే, వచ్చేసారి వాళ్లను కూడా తీసుకురండి.