బంతి రాని వైపు కుర్చీ వేసుకున్న మనిషి

పోయిన వారం, మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లోని తమ ఇంట్లో, మధ్యాహ్నం టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, వాలు కుర్చీలో కూర్చున్న మా అంకుల్ మళ్ళీ లేవలేదు. ఆంటీ ఫోన్ చేసి, "ఏ గొడవా లేకుండా పోయారు నాయనా. ఏమీ జరగనట్టే పోయారు" అన్నారు. సదరు అంకుల్ వృత్తినీ, ప్రవృత్తినీ దగ్గర నుంచి చూసినవాడిగా నేను ధ్రువీకరించగలిగింది ఒక్కటే: ఆయన గురించి ఇంతకు మించిన ప్రశంస లేదు.

అంకుల్ అన్నది ఈ దేశంలో మనవాళ్ళు పెద్దలందరికీ ప్రదానం చేసే హోదా. ఆయనకూ మాకూ రక్త సంబంధం లేదు. ఉన్నది గోడ సంబంధం. రెండు వేల సంవత్సరం రాబోతున్న రోజుల్లో, మెల్‌బోర్న్ పడమటి వైపున, మా బాబాయి ఇల్లూ వారి ఇల్లూ ఒకే గోడను పంచుకునేవి. గుంటూరు మిర్చి ఘాటులో పెరిగిన ముస్లిం కుటుంబం వారిది. కొత్త శతాబ్దం రాగానే కంప్యూటర్లు తేదీ మరిచిపోయి తికమక పడతాయని లోకమంతా వణుకుతున్న కాలంలో, ఒక బ్యాంకు కంప్యూటర్లు అలా పడకుండా చూసే ఉద్యోగం ఆయనది. నేనూ అదే వణుకు పుణ్యమా అని వీసా పొంది, బాబాయి ఇంట్లో దిగినవాణ్ణి.

ఆయన కారును ఎప్పుడూ వెనక్కి తోలి, ముఖం వీధివైపు ఉండేలా నిలిపేవారు. "వచ్చేటప్పుడు తీరిక ఉంటది. పోయేటప్పుడు ఏం ముంచుకొస్తదో ఎవరికి తెలుసు?" అనేవారు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, సెలవు తీసుకునే ముందు వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసి వచ్చేవారు. ఇది అవమానమని మొదట్లో కొందరు ఇల్లాళ్ళు నొచ్చుకున్నారు. తర్వాత తర్వాత ఆయన చూడకుండా వెళితేనే నొచ్చుకునేవారు.

వీటికి తోడు ఆయనకొక గౌరవ పదవి ఉండేది. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు ఏ మతం వారైనా సరే, పిల్లకు సంబంధం కుదుర్చుకునే ముందు అబ్బాయి గురించి వాకబు చేసే పని ఆయనకు అప్పగించేవారు. ఆయన పద్ధతి ఒకటే. "ఇంటోళ్ళని అడిగితే మంచోడనే అంటారు. పక్కింటోళ్ళని అడగాలి." అద్దాలు తీసి, జేబురుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఆయన 'వద్దు' అంటే, ఎంత జీతగాడి సంబంధమైనా అక్కడితో ఆగిపోయేది.

ఈ అధికార పరిధి ఫుట్‌బాల్‌కు విస్తరించడానికి కారకుడు మా బాబాయి కొడుకు కిరణ్. వాడు తెలుగు అర్థం చేసుకుని ఇంగ్లీషులో బదులిచ్చే తరంవాడు. యూనివర్సిటీలో, అంటే ఇక్కడివాళ్ళ యూనిలో, కంప్యూటర్లు చదువుతూ, యూని జట్టులో ఆడేవాడు. ఇక్కడి ఫుట్‌బాల్ కోడిగుడ్డు ఆకారపు బంతితో, కోడిగుడ్డు ఆకారపు మైదానంలో, కాళ్ళతో పాటు చేతులకూ పని చెప్పి ఆడేది. కిరణ్‌ది వెనక వరస. ఎదుటి జట్టులో గోల్ కొట్టేవాడినొకణ్ణి నీడలా అంటిపెట్టుకుని, వాడికి బంతి దొరక్కుండా చూడటం కిరణ్ పని. వాణ్ణి ఒక పెద్ద క్లబ్బు గమనిస్తోందనీ, ఇక్కడ డిసెంబరులో వచ్చే ఎండాకాలపు శిక్షణకు పిలవవచ్చనీ కబురు వచ్చింది. పిలిస్తే చివరి ఏడాది చదువు ఆపాలి. కంప్యూటర్ అన్న మాటను తప్పుల్లేకుండా రాయగలిగిన వాడికల్లా ఉద్యోగమిస్తున్న ఆ రోజుల్లో, చదువు ఆపి బంతి వెంట పోవడమంటే మా బాబాయి దృష్టిలో సన్యాసం పుచ్చుకోవడమే. తెనాలిలో లెక్కల మాస్టారుగా పనిచేసిన ఆయన, గోడ పక్కన నిలబడి అంకుల్‌ను పిలిచారు.

"భాయ్‌గారూ, మీరొకసారి వీడి ఆట చూసి, వీడి వల్ల కాదని ఒక్క మాట అనండి. మీ మాటైతే వింటాడు."

"చూసి అనమంటారా మాస్టారూ, చూడకుండా అనమంటారా?"

"చూసే అనండి."

"అట్టయితే ఏమంటానో ఇప్పుడే చెప్పలేను."

ఈ విధంగా, అంతవరకూ ఫుట్‌బాల్ మైదానంలో అడుగుపెట్టని వ్యక్తి, ఒక ఆటగాడి భవిష్యత్తును మదింపు చేసే ఏకసభ్య సంఘంగా నియమితులయ్యారు. కిరణ్ కూడా ఒప్పుకున్నాడు. "ఫైన్. అంకుల్ నో అంటే ఐ విల్ ఫినిష్ మై డిగ్రీ" అని వాడు ఇచ్చిన మాటతో ఇంట్లో అందరికీ నిద్ర పట్టింది, వాడికి తప్ప.

ప్రతి శనివారం అంకుల్ మంకీ క్యాప్ పెట్టుకుని, మడత కుర్చీ, టీ ఫ్లాస్కు పట్టుకుని వెళ్ళేవారు. నేను డ్రైవర్ హోదాలో వెంట ఉండేవాణ్ణి. అందరూ మైదానం పక్కన నిలబడి చూస్తుంటే, ఆయన కిరణ్ జట్టు కాపాడుకునే గోల్ స్తంభాల వెనక కుర్చీ వేసుకునేవారు. పావు ఆటకోసారి జట్లు వైపులు మారేవి. కుర్చీ కూడా మారేది. బంతి అవతలి కొసన ఉండి, జనమంతా అటు తిరిగి కేకలు పెడుతున్నప్పుడు, ఈయన ఇటు ఒంటరిగా నిలబడ్డ కిరణ్‌ను, పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా, రెప్ప వేయకుండా చూస్తూ ఉండేవారు.

"బంతి అటుంది అంకుల్" అన్నాను మొదటి రోజు.

"బంతి ఎక్కడుందో అందరూ చూస్తున్నారు కదయ్యా. మళ్ళీ నేనెందుకు?"

అప్పుడు నేనూ ఇటు చూశాను. బంతి వంద అడుగుల దూరంలో ఉండగానే కిరణ్ ఒక అడుగు పక్కకు వేశాడు. ఆ అడుగు వల్ల ఎదుటివాడు పరుగెత్తాల్సిన దారి మూసుకుపోయింది. దారి లేదు కనుక బంతి ఆ వైపు రాలేదు. రాలేదు కనుక ఎవరూ చూడలేదు. ఆ మధ్యాహ్నమంతా ఇలాంటి జరగని సంఘటనలను అంకుల్ ఒక్కొక్కటే వేలితో చూపిస్తుంటే, నేనూ ఆ కుర్చీ పక్కన గడ్డి మీద చతికిలబడ్డాను. అంతవరకూ నేను చూసిన ఆటలన్నీ సగమే చూశానని తెలిసింది.

ఆట ముగిశాక ఆయన కిరణ్ దగ్గరికి గాని, వాడి కోచ్ దగ్గరికి గాని వెళ్ళేవారు కాదు. బురదలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్న ఎదుటి జట్టు ఆటగాడి దగ్గరికి వెళ్ళి, అబ్బాయి గుణగణాలు విచారించేవారు.

"హౌ ఈజ్ అవర్ బాయ్, సర్?"

"మేట్, వాడొక బ్లడీ దోమ" అన్నాడు ఒకడు, ఇంగ్లీషులో. "వదలడు. బాత్రూమ్‌కి వెళ్ళినా వెంట వస్తాడేమో."

అంకుల్ ముఖం వెలిగిపోయింది. "చూశావా? పక్కింటోళ్ళు చెప్పే మాట ఇదీ" అన్నారు నాతో.

చివరికి, క్లబ్బు తరఫున ఆటగాళ్ళను ఎంపిక చేసే పెద్దమనిషి స్వయంగా వస్తున్నాడన్నారు. మనవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అప్పుడే జరిగింది. బాబాయికి ఈ సంబంధం ఇష్టం లేదు. అయినా, చూడటానికి వచ్చినవాళ్ళకు మర్యాద లోపించకూడదు కదా. పిన్ని సున్నుండలు చుట్టింది. ఆంటీ మిరపకాయ బజ్జీలు వేశారు. తెలిసిన తెలుగు కుటుంబాలన్నీ పట్టుచీరలతో, కుర్చీలతో మైదానానికి తరలివచ్చాయి. ఆ పెద్దమనిషి చేతిలో పళ్ళెం పెట్టి, అది ఖాళీ కాకుండా కాపలా కూడా పెట్టారు.

వాళ్ళను చూసి కిరణ్‌కు మతిపోయింది. ఆట మొదలైన కాసేపటికే తన మనిషిని వదిలేసి, బంతి వెంట ముందుకు ఉరికి, అవతలి కొసకు పోయి గోల్ కొట్టాడు. మనవాళ్ళ ఈలలకు చెట్ల మీది కాకటూ చిలకలు లేచిపోయాయి. కిరణ్ మళ్ళీ ఉరికాడు, మళ్ళీ ఉరికాడు. వాడు వదిలేసిన పసుపు చొక్కా కుర్రాడు ఇవతల నిక్షేపంగా గోల్ మీద గోల్ కొట్టుకుంటూ పోయాడు. ఎంపిక పెద్దమనిషి తన గడియారం చూసుకున్నాడు.

ఆఖరి పావు ఆటకు ముందు విరామంలో అంకుల్ లేచి, పట్టుచీరల దగ్గరికి నడిచివచ్చారు.

"ఏందమ్మా ఇది? వాడు కాపలా కాయాల్సినోడు. మీరు ఊరేగింపు మొదలుపెడితే వాడు గుర్రం ఎక్కకుండా ఎట్టా ఉంటాడు?"

"మరి మమ్మల్ని ఏం చెయ్యమంటారు అన్నయ్యా?" అంది పిన్ని.

"కుర్చీలు తీసుకుని నా వెంట రండి. బంతి అటు పోతే చూడమాకండి. ఆ పసుపు చొక్కావాడికి బంతి దొరక్కపోతే, అప్పుడు కొట్టండి చప్పట్లు."

"దొరక్కపోతేనా?"

"దొరక్కపోతేనే."

తెలుగు సమాజం యావత్తూ కుర్చీలు మోసుకుంటూ గోల్ వెనక్కి తరలింది. ఆట మొదలైంది. పసుపు చొక్కా పరుగెత్తాడు; కిరణ్ ఒక అడుగు పక్కకు వేశాడు; బంతి రాలేదు. చప్పట్లు మోగాయి. ఆటగాళ్ళు తిరిగి చూశారు. మళ్ళీ బంతి రాలేదు, మళ్ళీ మోగాయి. ఆడుతున్నది ఎక్కడో, చప్పట్లు ఎక్కడో. అంపైర్ ఒకసారి తన చొక్కా సరిచూసుకున్నాడు. బజ్జీల పళ్ళెంతో సహా ఎంపిక పెద్దమనిషి గోల్ వెనక్కి నడిచి వచ్చాడు.

"వాట్ ఆర్ దే క్లాపింగ్ ఫర్?"

"నథింగ్, సర్" అన్నారు అంకుల్, అత్యంత గంభీరంగా. "ప్లీజ్ సిట్."

ఆయన కూర్చున్నాడు. ఆట ముగిసేదాకా లేవలేదు. పసుపు చొక్కాకు మళ్ళీ బంతి తగలలేదు. యూని జట్టు ఎలాగూ ఓడిపోయింది.

మర్నాడు మా ఇంట్లో తీర్పు. కిరణ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అంకుల్ అద్దాలు తీసి తుడిచారు. మేమంతా ఆ జేబురుమాలు వైపే చూస్తున్నాం.

"మాస్టారూ, వీడు మహా ఆటగాడేం కాదు. పరుగులో అరడుగు తక్కువ. పెద్ద క్లబ్బులో రెండు మూడేళ్ళు నిలబడితే గొప్ప."

బాబాయి ఊపిరి పీల్చుకున్నారు. కిరణ్ తల దించుకున్నాడు.

"కానీ నిన్న మేం చప్పట్లు కొట్టకముందే వాడు వెనక్కొచ్చాడు. మీరు చూళ్ళేదు, కుర్చీలు మోస్తున్నారు. జనం మెచ్చుకున్న చోటు వదిలేసి, ఎవరూ చూడని తన చోటుకి వాడంతట వాడే వచ్చి నిలబడ్డాడు. చదువు ఏడాది ఆగుద్ది. ఇది ఆగదు. పంపించండి."

"అక్కడ నిలబడలేకపోతే?"

"తిరిగొస్తాడు. తిరిగి రావడం వాడికి వచ్చుగా."

కిరణ్ వంటింట్లోకి వెళ్ళి ఆయనకు టీ పెట్టుకొచ్చాడు. వాడు పెట్టిన మొదటి టీ అది. చక్కెర మరిచాడు. అంకుల్ అడక్కుండానే తాగేశారు.

క్లబ్బు పిలిచింది. ఆ డిసెంబర్ చివరికల్లా బాబాయి స్నానాల తొట్టి నిండా నీళ్ళు, గరాజ్ నిండా బియ్యం నిల్వచేసి ప్రళయానికి సిద్ధమయ్యారు. జనవరి ఒకటో తేదీ పొద్దున్నే, రాత్రంతా బ్యాంకు ఆఫీసులో కాపలా ఉన్న అంకుల్ కారు వచ్చి, ఎప్పటిలాగే వెనక్కి తిరిగి నిలబడింది. కిరణ్, నేను గేటు దగ్గరే ఉన్నాం.

"వాట్ హాపెండ్, అంకుల్?"

"ఏమీ కాలేదు నాయనా. ఏమీ కాకపోతే ఇంత జీతాలిచ్చి ఎందుకు పెట్టుకున్నామని అప్పుడే అంటున్నారు పైవాళ్ళు. ఇంకో నెలలో పంపించేస్తారులే."

కిరణ్ గేటు తీసుకుని కారు దగ్గరికి వచ్చాడు. తర్వాత ఆ నిశ్శబ్దమైన వీధిలో, ఒంటరిగా, గట్టిగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. అంకుల్ అద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు ఆయన తీర్పేమీ చెప్పలేదు.

ఆయన అంచనా ప్రకారమే కిరణ్ మూడేళ్ళు ఆడి, మోకాలు దెబ్బతిని, తిరిగి వచ్చి చదువు ముగించాడు. ఈలోగా కంప్యూటర్ ఉద్యోగాల బూమ్ ముగిసి, చదువు సకాలంలో ముగించుకున్న మేమంతా ఉద్యోగాలు పోయి ఇళ్ళలో కూర్చున్నాం కనుక, వాడు వెనకబడ్డాడని అనడానికి ఎవరూ మిగల్లేదు.

అంకుల్‌ను మట్టిచేసి వచ్చిన శనివారం, ఆంటీ ఆ మడత కుర్చీని కిరణ్‌కు ఇచ్చారు. మేమిద్దరం పాత మైదానానికి వెళ్ళాం. ఎవరో చిన్న పిల్లలు ఆడుతున్నారు. కిరణ్ గోల్ వెనక కుర్చీ వేసి, దాంట్లో కూర్చోకుండా పక్కనే నిలబడ్డాడు. బంతి అవతలి కొసన ఉంది. తల్లిదండ్రులంతా అటే పరుగెడుతున్నారు. ఇటు వెనక వరసలో ఒంటరిగా ఉన్న పిల్లవాడొకడు, కాసేపు ఆలోచించి, ఒక అడుగు పక్కకు వేశాడు.

కిరణ్ చప్పట్లు కొట్టాడు.

తనకేనా అన్నట్టు, ఆ పిల్లవాడు ఒక్కసారి వెనక్కి తిరిగి, ఖాళీ కుర్చీ వైపు చూశాడు.