దగ్గరికొస్తేనే తెలిసే సెంటు

సెంట్లు అమ్మేవాళ్ళు సెంటు పూసుకోకూడదు. తాడేపల్లిగూడెంలో నేను పనిచేసే ఫ్యాన్సీ షాపు యజమాని మొదటి రోజే చెప్పిన మాట ఇది. మన ఒంటి మీద ఒక వాసన ఉంటే, కొనేవాళ్ళ చేతి మీద వేసిన వాసన వాళ్ళకీ సరిగ్గా తెలియదు, మనకీ తెలియదు. సరేనండీ అన్నాను. అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. గాజుల వైపు ఇద్దరమ్మాయిలు, సెంట్ల వైపు నేను. ఇప్పుడు నాకు మోకాళ్ళ నొప్పులొచ్చాయి, షాపుకి ఏసీ వచ్చింది, సెంట్ల వైపు మాత్రం ఇంకా నేనే ఉన్నాను.

పొద్దున్నే ఏలూరులో ప్యాసింజరెక్కి గూడెంలో దిగుతాను. సాయంత్రం మళ్ళీ రైల్లోనే వెనక్కి. "ఈ వయసులో రోజూ ఆ రైలు బాధేంటండీ, మానేయకూడదూ" అంటుంది మా ఇంటిగలావిడ. మానేసి ఏం చేయను? గోడలతో మాట్లాడనా? మా ఆయన పోయారు. మాకు పిల్లల్లేరు. షాపులో అయితే "ఏవండీ, కాస్త అది చూపించండి" అని ఎవరో ఒకరు పిలుస్తారు.

నేను చేరిన కొత్తలో కౌంటర్లో ఉండేవన్నీ వేలెడంత సీసాలు. రోజా, మల్లె, సంపెంగ, గంధం. "సెంటు కావాలండీ" అనేవాళ్ళు. ఏ సెంటండీ అంటే "మంచిది" అనేవాళ్ళు. మంచిదంటే ఘాటుది. మనిషి వీధి మొదట్లో ఉండగానే ఇంట్లోవాళ్ళకి తెలిసిపోవాలి. దెందులూరు నుంచి ఒకాయన పెళ్ళికొడుకుని వెంటబెట్టుకొచ్చి, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక, అన్నీ తలా కాస్త ఒకే సీసాలో పోయమన్నాడు. నవ్వకండి, పోశాను. పెళ్ళిలో అందరూ అడిగారని మళ్ళీ వచ్చి చెప్పి మరీ వెళ్ళాడు.

రోజాకి కాలం చెల్లడం నా కళ్ళ ముందే జరిగింది. మా క్రైస్తవుల ఇళ్ళల్లో మనిషి పోతే, చూడటానికొచ్చే చుట్టాలు పూలదండతో పాటు సెంటు సీసా కూడా తెస్తారు. పెట్టె మూసేముందు అందరూ తలా కాస్త చల్లుతారు. చవగ్గా, ఘాటుగా ఉండేది రోజాయే కాబట్టి ఎక్కువమంది అదే తెచ్చేవారు. కొన్నాళ్ళకి ఏమైందంటే, పెళ్ళి సామాన్లకని వచ్చిన అమ్మాయి చేతి మీద రోజా చుక్క వేస్తే వాళ్ళమ్మ మొహం మాడ్చుకుని "అది వద్దండీ, సమాధుల దగ్గర నిలబడ్డట్టుంది" అనడం మొదలైంది. హిందువుల ఇళ్ళవాళ్ళదీ అదే మాట. పాపం, పువ్వు చేసిన తప్పేముంది. ఇప్పుడు పెద్ద వయసువాళ్ళెవరైనా వచ్చి రోజా సెంటు అడిగితే మారుమాట లేకుండా పొట్లం కట్టి ఇస్తాను. ఎవరు పోయారండీ అని అడగను.

ఆ తర్వాత స్ప్రేలు వచ్చాయి. పువ్వులు పోయి నీళ్ళు వచ్చాయి. కొల్లేరు వైపు చేపల చెరువులవాళ్ళ కుర్రాళ్ళు వచ్చి సముద్రపు గాలి వాసన కావాలంటారు. వాళ్ళలో ఒకడి తండ్రి సీసా మూత తీసి వాసన చూసి "నీళ్ళ వాసన కొనుక్కోవడమేంట్రా, పొద్దస్తమానం గట్టు మీదే కదా ఉంటన్నాం" అన్నాడు. "ఆ నీళ్ళు వేరు నాన్నా, ఈ నీళ్ళు వేరు" అన్నాడు కొడుకు. కొన్నారు, వెళ్ళారు.

ఇంజనీరింగు పిల్లలైతే ఫోన్లో వీడియో చూపించి అచ్చం అదే కావాలంటారు. వెనిల్లా అట, కాఫీ అట, కాల్చిన పంచదార అట. ఆడపిల్ల పక్కనుంచి వెళ్తుంటే ఎక్కడో బూరెలు వండుతున్నట్టుండాలి కాబోలు. నా ఖర్మ అనుకుంటూనే "తియ్యగా మొదలవుతుందమ్మా, కాసేపటికి గంధంలోకి దిగుతుంది" అని చెప్తాను. వాసనకి మాటలు అతికించడమే నా ఉద్యోగం. చల్లగా ఉంటుంది, పొడిగా ఉంటుంది, ఉతికి ఆరేసిన బట్టలా ఉంటుంది, ఇలా ఏదో ఒకటి అంటే తప్ప మనుషులు తమ ముక్కుని తాము నమ్మరు.

ఈ మధ్య తణుకు నుంచి ఒక స్కూలు టీచరమ్మ వచ్చింది. కొత్త పెళ్ళికూతురు, పసుపు తాడు ఇంకా రంగు పోలేదు. ఏది చూపించినా తల అడ్డంగా ఊపింది.

"కొట్టుకున్నట్టే తెలియకూడదండీ. పక్కన కూచున్నవాళ్ళకి కూడా తెలియకూడదు. బాగా దగ్గరికొస్తేనే తెలియాలి."

"ఎంత దగ్గరికమ్మా?" అన్నాను, వేళాకోళానికి కాదు, సీసా ఎంచడానికే.

ఆ పిల్ల సిగ్గుపడి, మెడ పక్కన అరచెయ్యి ఆనించి చూపించింది. అలాంటిది కంపెనీవాళ్ళు పంపింది ఒకటుంటే ఇచ్చాను. చూస్తే ఆ వారం నుంచీ అందరికీ అదే కావాలి. వీధంతా తెలియాలని కొనుక్కున్న మనుషులే ఇప్పుడు ఎవరికీ తెలియకూడదని అంతకంటే ఎక్కువ పెట్టి కొంటున్నారు.

ఒక సాయంత్రం రైల్లో కూచున్నాక ఒక ఆలోచన వచ్చి పడింది. అదే సెంటు నేను కొట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? అంత దగ్గరికి వచ్చేదెవరు? ఆలోచించగా ఆలోచించగా, ఈ మధ్య నన్ను ముట్టుకున్న మనిషి ఆస్పత్రిలో బీపీ చూసిన నర్సు ఒక్కతే. ఆ పిల్ల కూడా పట్టీ చుట్టి, అంకెలు చూసి వెళ్ళిపోయింది. ఏడుపొచ్చింది. రైల్లో ఏడిస్తే బాగోదని కిటికీ వైపు తిరిగి కూచున్నాను.

మర్నాడు యజమానిని ఆ సెంటు శాంపిల్ సీసా అడిగాను. ఇన్నేళ్ళలో నేను సెంటు అడగడం అదే మొదలు. ఆయన విచిత్రంగా చూశారు. "షాపులో కొట్టుకోనులెండి" అన్నాను. అడుగున కాస్త మిగిలింది, తీసుకోండమ్మా అన్నారు. షాపు వేళ అయ్యాక మెడకి, చేతులకి కొట్టుకుని బయలుదేరాను. నాక్కావలసింది పెద్దదేం కాదు. ఏం సెంటండీ ఇది, అని ఒక్క మనిషి అడగాలి.

భీమడోలులో ఎక్కినావిడ నా భుజానికి ఆనుకుని కూచుంది. గట్టిగా గాలి పీల్చింది. ఇదిగో అడుగుతుందనుకుని ఆవిడ వైపు తిరిగాను. "ఎవరో జామకాయలు తెచ్చినట్టున్నారండీ" అంది. తెచ్చింది ఎదుటి బెంచీ ఆవిడ. ఆదివారం చర్చిలో అందరూ రెండు చేతులూ జోడించి వందనాలమ్మా అన్నవాళ్ళే. ప్రేమ లేక కాదు, మా పద్ధతే అంత, దూరం నుంచే దండం పెట్టుకుంటాం. ఇంటిగలావిడ కూర గిన్నె గేటు మీంచి అందించి, గిన్నె తర్వాత ఇవ్వండని లోపలికి వెళ్ళిపోయింది. రోజూ కొట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఈ వయసులో చిన్నపిల్లలా ఎదురుచూస్తున్నానని సిగ్గేసింది, అయినా మానలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మా వదినగారు. మా ఆయనకి అక్క. కొల్లేటి లంకలో ఒక్కరే ఉంటారు. కళ్ళు మసక. ఎవరు వెళ్ళినా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుని, బుగ్గ మీద ముక్కు ఆనించి వాసన చూస్తారు. ఆ ఊరి ముసలమ్మల ముద్దులన్నీ అంతే, పెదాలతో పనుండదు. వేసవికి ముందు వెళ్ళినదాన్ని మళ్ళీ వెళ్ళనే లేదు. ఈవిడ ఉండగా రైల్లో జనాన్ని నమ్ముకోవడమేంటని నన్ను నేనే తిట్టుకున్నాను. మరుసటి ఆదివారం ఆరాధన అవగానే సీసాలో మిగిలిందంతా మెడకి కొట్టుకుని బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి వదినగారు పెరట్లో చిన్న చేపలు బూడిద వేసి తోముతున్నారు.

"ఎవరదీ?"

"నేనేనండీ వదినగారూ."

చేతులు కడుక్కుని, పైటకి తుడుచుకుని, నన్ను పక్కన కూచోబెట్టుకున్నారు. బుగ్గ మీద ముక్కు ఆనించారు. తర్వాత రెండో బుగ్గ. తర్వాత మెడ. నేను కదలకుండా కూచున్నాను.

"ఏం పూసుకొచ్చేవమ్మా?"

అడిగారు. ఇన్నాళ్ళకి ఒక మనిషి అడిగారు.

"సెంటండీ. బాగుందా అండీ?"

"బానే ఉంది గానీ..." అని మళ్ళీ ఒకసారి వాసన చూశారు. "మా తమ్ముడి వాసన రావట్లేదేంటి నీ దగ్గర?"

నాకు అర్థం కాలేదు. "ఆయన వాసన నా దగ్గర రావడమేంటండీ?"

"ఎప్పుడూ వస్తదిగా. వాడు పోయినాక కూడా నువ్వెప్పుడొచ్చినా వచ్చేది. ముందటిసారి కూడా వచ్చింది. అందుకే కదమ్మా నిన్ను అంతసేపు పట్టుకునేది."

"ఎలా ఉండేదండీ?"

"ఎలా అంటే ఏం చెప్తాను. వాడిలాగుండేది."

ఆయన చెరువుల మీద చేపలకి మేత వేయించే పని చేసేవారు. తవుడు వాసనాండీ అన్నాను. కాదన్నారు. చెమటాండీ, కొబ్బరినూనాండీ, చుట్టపొగాండీ? కౌంటర్లో లాగా ఒక్కో మాటా ముందు పెట్టాను. వదినగారు అన్నిటికీ తల అడ్డంగా ఊపారు. "అవేం కాదమ్మా. వాడు, అంతే."

ముందటిసారికీ ఇప్పటికీ మధ్య నా ఇంట్లో మారింది ఒక్కటే. ఎండాకాలంలో పరుపు విప్పించి, దూది ఏకించి, కొత్త గుడ్డ వేయించాను. మేమిద్దరం పడుకున్న పరుపు, నేను ఇప్పటికీ ఒక పక్కకే పడుకునే పరుపు. దూది గట్టిపడి నడుం పట్టేస్తుంటే ఎవరైనా చేయించేదే. అందులో ఆయన ఉన్నారని నాకేం తెలుసు.

కాదు, ఇది సెంటు పనే అయ్యుంటుంది, కింద ఆయన వాసన ఉండే ఉంటుంది అనుకున్నాను. ఒక వాసన ఇంకోదాన్ని కమ్మేస్తుందని నాకంటే ఎవరికి తెలుసు. లేచి పంపు దగ్గరికి వెళ్ళి, అక్కడున్న సబ్బుముక్క తీసుకుని మెడ, బుగ్గలు, చేతులు మండేదాకా రుద్దుకున్నాను. జాకెట్టంతా తడిసిపోయింది. "అదేం పనమ్మా, నేనేదో అన్నాను గానీ" అని వదినగారు అంటూనే ఉన్నారు. పైటతో తుడుచుకుని, ఒళ్ళు ఆరేదాకా ఎండలో నిలబడి, వెళ్ళి ఆవిడ ముందు కూచున్నాను.

"ఇప్పుడు చూడండి వదినగారూ."

ఆవిడ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకున్నారు. బుగ్గలు చూశారు, మెడ చూశారు, తల వంచి మాడు దగ్గర చూశారు. చాలాసేపు చూశారు. ఆఖరికి నా తల నిమిరి, నెమ్మదిగా చెప్పారు.

"సబ్బు వాసనొస్తందమ్మా."