బాబాయ్ తగిలించిన గొంతు

మా బాబాయ్ ఏ కంప్యూటర్నీ ఉన్నదున్నట్టు బతకనివ్వడు. దానికో ప్లగిన్, అంటే కొత్త పని నేర్పే ఓ అదనపు ముక్క, తగిలించేదాకా ఆయనకు అన్నం సహించదు. వాడుకునేవాళ్లు మాకొద్దు మొర్రో అన్నా వినడు. పెళ్లయిన కొత్తలో పిన్ని ఆయన్ని పుట్టింటికి తీసుకెళ్తే, మామగారితో రెండు మాటలూ, మామగారి కంప్యూటర్‌తో రెండు రోజులూ గడిపాడట.

బాబాయ్, నేనూ ఒకే పుస్తకాల ప్రచురణ ఆఫీసులో పనిచేస్తాం. ఆయన కంప్యూటర్లు చూసుకుంటాడు, నేను పేజీలు కూరుస్తాను. అక్కడ అందరూ ఆయన్ని ప్లగిన్‌గారు అంటారు, నన్ను ప్లగిన్‌గారమ్మాయి అంటారు. అన్న కూతుర్నని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

ఓసారి మేనేజరుగారి మెయిల్‌కి ఒకటి తగిలించాడు. ‘పంపు’ అని నొక్కగానే అది, ‘మీరు కోపంగా ఉన్నారా? పది నిమిషాలాగి మళ్లీ చదవండి’ అంటూ ఉత్తరాన్ని పట్టుకుని కూర్చునేది.

"ఏమిటయ్యా ఇది? సెలవు ఇచ్చామని రాసినా కోపమే అంటుంది."

"మీ సంగతి దానికింకా సరిగ్గా తెలీదండీ."

"తెలిశాక?"

"ఇరవై నిమిషాలు ఆపుతుంది."

నా కంప్యూటర్‌కి పెట్టింది ఇంకో రకం. తెరమీద వాడని కిటికీలన్నీ తనే మూసేస్తుంది. నేను టీ తాగి వచ్చేసరికి ఒక అధ్యాయం మొత్తం మూసి, ‘ఇప్పుడు మీ మనసు తేలికగా ఉందా’ అని అడిగింది. ఆ రోజు బాబాయ్‌తో నేను మాట్లాడలేదు. ఆయన గమనించనూ లేదు.

ఇక మా ప్రూఫ్ రీడర్. ఆవిణ్ణి అందరం అక్కయ్యగారు అంటాం. ముప్పై ఏళ్లుగా మా తప్పులు పట్టుకుంటున్న మనిషి. ఈ మధ్య చూపు మసకబారింది. మూడుసార్లు కళ్లద్దాలు మార్చినా ముక్కు తెరకు ఆనించి చదువుతోంది. కిందటి పుస్తకంలో రెండు తప్పులు జారిపోయాయి. చేతిలో ఉన్న బడి పుస్తకంలో ఒక్కటి మిగిలినా ఆవిణ్ణి ప్రూఫుల నుంచి తప్పించి గోదాముకు పంపిస్తానని మేనేజరుగారు మొహం మీదే చెప్పేశారు. గడువు పదిహేను రోజులు. ఆవిడ పెన్సిలు చెక్కుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ ఆవిడ బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అక్కయ్యగారూ, రాసింది పైకి చదివి వినిపించే ప్లగిన్ ఒకటుందండీ."

"నా కళ్లకేమైంది?"

"ఏం కాలేదండీ."

"మరి నాకెందుకు?"

"నిజమే, ఎందుకూ?" అని వచ్చేశాడు. వద్దంటే వెనక్కి వచ్చిన బాబాయ్‌ని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

ఒళ్లు శుభ్రంగానే ఉంది. మర్నాటికి ఆఫీసులో ప్రతి కంప్యూటరూ మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏమిటిది బాబాయ్?"

"కొత్త పద్ధతి. ఏ పేజీ అయినా కంటితో ఒకసారి, చెవితో ఒకసారి."

"ఎవరు పెట్టారు పద్ధతి?"

"నేనే."

"తీసెయ్."

"తియ్యను."

మేనేజరుగారు చెవిలో ఇయర్‌ఫోన్ తీగ పెట్టుకోవడం మర్చిపోయారు. దాంతో వాళ్లావిడ ఉత్తరం హాలంతా వినబడింది: ‘సాయంత్రం పాలు తెండి. నిన్నటిలా మర్చిపోయానని నాటకాలాడకండి.’ ఆయన ఎర్రబడిపోయి బాబాయ్‌ని పిలిచారు.

"ఇవాళే తీసెయ్. లేకపోతే నువ్వూ గోదాముకే."

"పదిహేను రోజులు ఆగండి. అప్పటికీ వద్దంటే నేనే నడిచి వెళ్తాను."

ఆ పదిహేను రోజులూ అందరూ ఆయన్ని తిట్టిపోశారు. అందరికన్నా గట్టిగా తిట్టింది నేనే. ఎవరేమన్నా చిరునవ్వే తప్ప ఒక్క ప్లగిన్ కూడా తియ్యలేదు. ఎవరి చెవిలో గొంతుతో వాళ్లు కుస్తీ పడుతుంటే, అక్కయ్యగారు కూడా మాలాగే చెవిలో తీగ పెట్టుకుందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పదమూడో రోజున ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఈ పేరా రెండుసార్లు వచ్చింది, చూడు. ఈ పేజీ చివరొకటి, తర్వాతి పేజీ మొదట్లో ఒకటి."

పొరపాటు నాదే. నిక్షేపంలాంటి కళ్లున్న నలుగురం ఆ పేజీలు చూశాం, ఒక్కరికీ కనబడలేదు.

"ఎలా పట్టుకున్నారండీ?"

"వింటుంటే దొరికింది" అని నాలిక్కరుచుకుని గబగబా వెళ్లిపోయింది.

నాకు అప్పటికి వెలిగింది. తిన్నగా బాబాయ్ దగ్గరికి వెళ్లాను.

"ఇదంతా ఆవిడ కోసమేనా?"

"ఏదీ?"

"అందరికీ తగిలించడం."

ఆయన తల ఎత్తలేదు. "ఒక్కరి చెవిలో ఉంటే అందరూ చూస్తారమ్మా. అందరి చెవుల్లో ఉంటే ఎవరు చూస్తారు? వెళ్లు, వెళ్లి నీ పేజీలు చూసుకో."

తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పేజీలు సరిచేశాను.

పుస్తకం అచ్చయింది. మేనేజరుగారు అట్ట నుంచి అట్ట దాకా వెతికినా ఒక్క తప్పూ దొరకలేదు. గోదాము మాట మళ్లీ ఎత్తలేదు, ఇద్దరి విషయంలోనూ.

మర్నాడు అక్కయ్యగారు అందరి ముందూ నడుచుకుంటూ వచ్చి బాబాయ్ ఎదుట నిలబడింది.

"ఇదిగో నాయనా. నాకు కళ్లు ఆనడం లేదు. ఆ గొంతు చూస్తే పరుగులు పెడుతోంది. నా ఒక్కదానికి కాస్త నెమ్మదిగా చదివేట్టు చెయ్యి."

ఆవిడ ఎవరినైనా సాయం అడగడం మేం అదే మొదటిసారి వినడం.

బాబాయ్ మొహం గంభీరంగా పెట్టి తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కరికి కుదరదండీ. పెడితే అందరికీ పెట్టాలి."

అక్కయ్యగారు ఫక్కున నవ్వేసింది. ఆ వారమంతా మేనేజరుగారితో సహా మేమందరం ఒక్కో మాటా నత్తనడకన విన్నాం. తీసెయ్యమని ఒక్కరూ అడగలేదు.