మూసిన పొగగొట్టం

మొన్న ముసురు పట్టిన పొద్దున పక్కింటి కోడలు వచ్చి, "మామా, మా బాయిలర్ ఒకటే పొగ కక్కుతాంది, జర వచ్చి సూస్తరా" అని పిలిచింది. గ్యాసు ధరకు బెంబేలెత్తి, స్నానాల నీళ్ళకు కట్టెల బాయిలర్ కొనుక్కున్నారు వాళ్ళు. వెళ్ళి చూస్తే పెద్ద రోగమేమీ కాదు. అడుగున బూడిద పేరుకుని గాలి ఆడడం లేదు, పైగా కట్టెలు పచ్చివి. బూడిద లాగేసి, ఎండు తుమ్మకట్టెలు నాలుగు పేర్చి వెలిగించేసరికి మంట లేచింది. ఆ పిల్ల సంబరపడుతుంటే నేను మాత్రం తలెత్తి, గొట్టంలోంచి బయటికి పోతున్న పొగనే చూస్తూ ఉండిపోయాను. నా కళ్ళు చెమరిస్తే పొగ తగిలిందనుకుంది. నేనూ కాదనలేదు.

మాది నారాయణపేట. నేతవాళ్ళకు పట్టునూలుకు రంగులద్ది ఇవ్వడం మా ఇంటి పని. తెలంగాణ వచ్చిన ఏడు కూడా మా పెరట్లో రేకుల కొట్టం, అందులో మట్టితో కట్టిన పెద్ద పొయ్యి, దానిమీద రాగి గంగాళం ఉండేవి. మరుగుతున్న రంగునీళ్ళలో నూలు కట్టలను కర్రలకు వేసి తిప్పడం మా ఇంటామె పని, వాటిని పిండి బయట దండెం మీద ఆరవేయడం నా పని. అంటే నిప్పు ముందు ఆమె, చల్లగాలిలో నేను. అప్పుడు దాన్ని పని పంచుకోవడమే అనుకున్నాను.

పొయ్యిల సంగతిలో నన్ను మించినవాడు లేడని నాకు మహా పొగరు. మంట మందంగా ఉంటే కట్టె తడి అనీ, గంగాళం ఒక పక్కే మరిగితే కింది కడ్డీలు కుంగాయనీ, పొగ ఎగదన్నితే గొట్టంలో మసి పట్టిందనీ వాకిట్లో నిలబడే చెప్పేవాణ్ణి. గల్లీలో ఎవరి పొయ్యి మొరాయించినా కబురు నాకే వచ్చేది.

ఆ మరుసటి ఎండాకాలం, పెళ్ళిచీరలకని పసుపు నూలు ఆరవేస్తే, కొట్టం పైనున్న పొగగొట్టంలోంచి మసి ఎగిరొచ్చి దానిమీద పడింది. నేసేవాడు ఆ నూలు తెచ్చి నలుగురి ముందు నా కాళ్ళ దగ్గర పడేసి నవ్వాడు. తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే గొట్టం మూతిమీద బండ పెట్టి మట్టి మెత్తాను. పొగదేముంది, కొట్టం వాకిట్లోంచి బయటికి పోతుందిలే అనుకున్నాను. ఆ తర్వాత నూలు మీద ఒక్క మచ్చ పడితే ఒట్టు.

ఆమెకు దగ్గు మొదలైంది. "ఇగో, లోపల ఊపిరాడతలేదు, పొయ్యి జర సూడు" అనేది. చూడకపోలేదు. కట్టెలు మార్చాను, బూడిద ఎత్తాను, కడ్డీలు లేపాను, పొయ్యి నోరు వెడల్పు చేశాను. నా చేత్తో మూసిన గొట్టం జోలికి మాత్రం పోలేదు. తెలియక కాదు, నూలు చెడితే మళ్ళీ నలుగురూ నవ్వుతారని. అట్లా మూడేళ్ళు గడిచాయి. చివరికి నాలుగడుగులు వేస్తే కూలబడే స్థితి వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ ఆమె ఛాతీ చూసి, నా వైపు తిరిగి, "మీ ఇంట్ల పొగ ఎటుకెళ్ళి పోతది?" అని అడిగింది.

ఇంటికి వస్తూనే నిచ్చెన వేసుకుని ఆ బండ పగలగొట్టాను. ఆమె పెరట్లో మంచం మీద కూర్చుని చూస్తోంది. ఇక నూలు గతేమిటని నేను గొణుక్కుంటుంటే, ఆయాసపడుతూనే వేలు చూపింది. "దండెం గా బాయి దిక్కు ఏస్తే అయిపాయె. మసి గక్కడి దాంక రాదు."

బావి పది అడుగుల దూరం. గాలి ఎప్పుడూ అటునుంచి ఇటే వీస్తుంది. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని ఆమె మీదే అరిచాను.

"నువ్వు అడిగినవా?" అన్నది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

దండెం మార్చాను. ఆమె ఆ వానాకాలం దాటలేదు.

ఇప్పుడు రంగులద్దిన నూలే బయటినుంచి వస్తోంది. మా గల్లీలో కొట్టాలన్నీ పడిపోయి బండ్లు నిలుపుకునే జాగాలయ్యాయి, పిల్లలకు గంగాళం అంటే ఏమిటో కూడా తెలియదు. మంచిదే, ఏ ఆడకూతురూ ఆ పొగ మింగే పని లేదు. మన ఈడువాళ్ళు పాత రోజులు మళ్ళీ రావాలంటుంటారు గానీ నాకు అవన్నీ వద్దు. ఒక్క పొద్దు చాలు. ఆమె కొట్టం వాకిట్లో నిలబడి ఉండగా, తడినూలు చేతుల్లో పట్టుకుని, దండెం ఎటు వేయమంటావని అడిగేంత పొద్దు.