కుంకుమ తాగని సాలీడు

ల్యాబులో సాలీడు లేకుండానే సాలీడు పట్టు చేస్తున్న వీడియో నిన్న నా కూతురు చూపించింది. సన్నని సూదిలోంచి జిగట ద్రవం తెల్లని పోగై జారుతోంది. మాధవరంలో మా నాయనమ్మ పట్టుచీరలు నేసిన మగ్గం గుంట కళ్లముందు కదిలింది. ఆమెను జేజి అనేవాళ్లం.

నా చిన్నప్పుడు, అంచుకు ఎర్రపట్టు చాలక జేజి నేత ఆపిన ఓ సాయంత్రం, గుంట మూలనున్న సాలెగూటిపై కుంకుమనీళ్లు చిలకరించాను. సాలీడు తాగి, తెల్లారేసరికి ఎర్రదారం తీస్తుందని నా నమ్మకం. పొద్దున వంగి చూస్తే కొత్త గూడు తెల్లగా మెరుస్తోంది.

నేను చేసింది చెబితే జేజి నవ్వలేదు. "పోగు తీసేది అది యాడ నేర్చిందో మనకు తెల్దు. రంగు మనమే అద్దుకుందాం లేమ్మా" అంది.

వీడియోలో పోగు తెగింది. తెల్లకోటు అమ్మాయి మళ్లీ సూది మీదికి వంగింది. ఆ పొద్దున నేనూ గుంట అంచున అట్లాగే వంగాను, ఎర్రగా వచ్చుంటుందని.