నల్ల చొక్కా, చేపల పులుసు

అవి తొంభైల చివరి సంవత్సరాలు, అయ్యప్ప దీక్షల రోజులు. అప్పుడే జ్వరం నుంచి లేచిన నేను నరసాపురంలో పని చూసుకుని, రేవు దాటి సఖినేటిపల్లిలో దిగాను. దిగుతుండగా ఒక చెప్పు బురదలో కూరుకుపోయి తెగింది. రెండోదీ అక్కడే వదిలేశాను. గడ్డం పెరిగి ఉంది. మాసినా కనబడదని మా ఆవిడ ఇచ్చిన నల్ల చొక్కా తొడుక్కున్నాను.

జ్వరంతో నోరు చచ్చిపోయి, చేపల పులుసు మీదికి ప్రాణం లాగుతోంది. రేవు దగ్గరి హోటల్లో కూర్చుని అదే అడిగాను. తింటున్నవాళ్లంతా ఆగి నా వైపు చూశారు.

"తప్పండి స్వామీ," అన్నాడు యజమాని చేతులు జోడించి. "భిక్ష పక్కన గుళ్లో పెడుతున్నారండి."

"నేను స్వామిని కాదండీ."

"ఆయ్, ఆకలేస్తే అలాగే అనిపిస్తదండి."

పక్క బల్ల దగ్గరి పెద్దాయన జాలిపడ్డాడు. "కొండకెళ్లొచ్చేదాకా ఓపిక పట్టండి స్వామీ. చేపలెక్కడికి పోతాయి?"

గుమ్మం దగ్గర జనం పోగయ్యారు. సిగ్గుతో చచ్చిపోతూ కాలరు విప్పి, మెడలో మాల లేదని చూపించాను. యజమాని వంగి పరీక్షగా చూశాడు గానీ గరిటె ఎత్తలేదు.

"మాల లేదు, నిజమేనండి. కానీ ఆ చొక్కాతో తింటే చూసినోళ్లు నన్నంటారండి. అది విప్పి కొక్కేనికి తగిలించండి, వడ్డిస్తాను."

బనీనుతో కూర్చుని, మారు అడిగి మరీ తిన్నాను. మళ్లీ చొక్కా తొడుక్కుని బయటికి రాగానే ఎదురొచ్చినాయన "స్వామి శరణం" అన్నాడు. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలూపాను.

ఆనాటి డైరీలో ఇలా రాసుకున్నాను: "పులుసు బాగుంది. దీక్ష పట్టింది చొక్కా, తిన్నది నేను."