మందంగా అట్ట వేసిన మేష్టారు

మా ఊరి లైబ్రరీ మేష్టారు పోయిన సంగతి నాకు మూడో రోజున తెలిసింది. అదీ ఎవరూ పనిగట్టుకొని వచ్చి చెప్పలేదు. నౌపడ స్టేషను నుంచి టపా తెచ్చే పోస్టుమాను నా మనవరాలి కార్డు చేతికిస్తూ, "మేష్టారు పోనారు కదమ్మా, మీకు తెల్దేటి?" అన్నాడు. "ఏ మేష్టారు?" అన్నాను. తెలిసే అడిగాను. ఐదేళ్ళపాటు ప్రతి శనివారం మా అరుగు దాకా వచ్చిన మనిషి పోతే, కబురు పంపవలసిన ఇళ్ళలో మా ఇల్లు ఒకటని ఎవరికీ తోచలేదు. తప్పు వాళ్ళది కాదు.

లైబ్రరీ గదికి మగవాళ్ళు వచ్చి పత్రికలు తిరగేసి పోయేవారు. ఆడవాళ్ళు వచ్చేవారు కాదు. అందుకని ఆయనే శనివారం మధ్యాహ్నం సైకిలుకు రెండు గుడ్డసంచులు తగిలించుకొని ఇళ్ళకు తిరిగేవారు. అలా తిరగమని పైవాళ్ళెవరూ చెప్పలేదు. "బీరువాలో ఉంటే సెదలు సదువుతాయమ్మా. మనుసులు సదవాల గదా" అనేవారు. ప్రతి పుస్తకానికీ సిమెంటు సంచుల కాగితంతో మందంగా అట్ట వేసేవారు. ఆ శుభ్రతను నేను చాలాసార్లు మెచ్చుకున్నాను. ఆయన తల వంచుకొనేవారు.

ఆయనది ఉప్పుమడుల దగ్గర, ఊరు అంటరానిదని దూరంగా పెట్టిన పేట. బెల్లు కొట్టేవారు కాదు. సైకిలు గోడకు ఆన్చి ఒకసారి దగ్గేవారు. అరుగు చివర పుస్తకం పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసేవారు. ఆయన వీధి మలుపు తిరిగాక నేను చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి, పుస్తకం మీద జల్లి, అప్పుడు లోపలికి తీసుకొనేదాన్ని. ఎదుటే జల్లడం మర్యాద కాదని ఆగేదాన్ని. ఎనిమిదో తరగతి దాకా చదివినదాన్ని, మర్యాద గురించి నాకు అంతే తెలుసు.

మా పెద్దబ్బాయి కూతురు అప్పుడు నా దగ్గర ఉండి చదువుకొనేది. చదివిన ప్రతి పుస్తకానికీ అర పేజీ అభిప్రాయం రాయాలని నేను నియమం పెట్టాను. పుస్తకం వచ్చిన తేదీ, ముగిసిన తేదీ, పేజీల సంఖ్య నేను వేసేదాన్ని. అది రాసినదాన్ని ఎర్ర పెన్సిలుతో దిద్దేదాన్ని. దానికి పన్నెండేళ్ళు వచ్చాక మేష్టారు చరిత్ర పుస్తకాలు తేసాగారు. మనుషులను సంతలో అమ్మిన దేశాల కథలు, ఒక మతంలో పుట్టినందుకు జనాన్ని గోడ వెనక ఉంచిన పట్నాల కథలు. పిల్ల అన్నం దగ్గర కూడా వాటి గురించే మాట్లాడేది.

ఒక వారం ఇలా రాసింది: "ఆ దేశంలో నల్లవాళ్ళు బస్సులో వెనక కూర్చోవాలట. ముందు సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడాలట. ఒక ముసలావిడ అలాగే నిలబడి వెళ్ళింది. నాకు కోపం వచ్చి పుస్తకం మూసేశాను. తెల్లవాళ్ళ ఇళ్ళలో మామ్మలు ఉండరా? వాళ్ళేం చేస్తున్నారు?"

నేను రెండు ఒత్తులు దిద్ది, కింద "బాగుంది" అని రాశాను.

ఆ శనివారం మేష్టారు అడిగారు. "పాప రాసింది ఓపాలి సూస్తానమ్మా. మళ్ళీ శనారం తెచ్చిస్తాను." నోటుబుక్కు అరుగు మీద పెట్టాను, తీసుకువెళ్ళారు. అన్నమాట ప్రకారం తెచ్చారు. ఆ పేజీ చివర పెన్సిలుతో చిన్నగా రాశారు: "కోపం మంచిదే పాపా. కోపం వచ్చిన చోట పుస్తకం ముయ్యకు. ఇంకో పేజీ చదువు."

అది నేను చదివింది తరవాత. ముందు నా చెయ్యి అలవాటుగా చెంబు మీదకు పోయింది. అచ్చుపుస్తకానికి, పైగా మందపాటి అట్టకు, నాలుగు చుక్కలు ఏం చేస్తాయి? ఇది అట్టలేని నోటుబుక్కు, సిరాతో రాసినది. గాలికి పేజీ తెరుచుకొని ఉంది. నీలి సిరా పసుపులో కలిసి ఆకుపచ్చగా పారింది.

బడి నుంచి వచ్చి పిల్ల చూసింది. "మామ్మా, దీని మీద నీళ్ళెవులు పోసీసారు?"

"నేనే జల్లినాను."

"ఎందుకు?"

"మేష్టారు ముట్టుకున్నారు గదే. వారం వారం జల్లుతాను. ఒసే, దానికి మొహం అంత మాడ్చుకోడం దేనికి? ఇంకోపాలి రాసుకో."

పిల్ల నోటుబుక్కు తీసుకుపోయి ఎండలో ఆరబెట్టింది. మరుసటి శనివారం బడి లేదు, నాకంటే ముందే వీధిలోకి వెళ్ళింది. తలుపు వెనక నేను విన్నాను.

"మేష్టారూ, మా మామ్మ పుస్తకాల మీద నీళ్ళు జల్లుతాదని మీకు తెలుసా?"

"తెలుసు పాపా."

"మరెందుకు తెస్తన్నారు?"

"తేకపోతే నువ్వేటి సదువుతావు? అందుకే గదా అట్ట మందంగా ఏస్తన్నాను. లోపల అచ్చరాలు తడవకూడదు."

ఆ వారం నోటుబుక్కు దిద్దమని నా ముందు పెట్టింది. పుస్తకం పేరు లేదు. ఒకే వాక్యం ఉంది: "ఆ ఇళ్ళలో మామ్మలు ఏం చేస్తున్నారో నాకు తెలిసింది." ఎర్ర పెన్సిలు పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. అందులో తప్పు లేదు.

జూన్‌లో వాళ్ళ నాన్న దాన్ని విజయనగరం హాస్టల్లో చేర్చాడు. పిల్లే అడిగిందట. అప్పటినుంచి నాకు కార్డులు వస్తాయి. క్షేమం, పరీక్షలు, ఇట్లు.

పిల్ల వెళ్ళినా మేష్టారు రావడం మానలేదు. "మీకు తెస్తన్నానమ్మా. ఒక్కలే ఉంటన్నారు గదా" అన్నారు. ఇంట్లో నాతో మాట్లాడే గొంతు వారానికి అదొక్కటే. నీళ్ళు జల్లడం మానేశాను. కాని పుస్తకం మాత్రం అరుగు మీదే పెట్టేవారు, నేను అక్కడినుంచే తీసుకొనేదాన్ని. చేతికివ్వండి అనాలని ప్రతి శనివారం అనుకొని బయటికి వచ్చేదాన్ని. ఎండగా ఉంది, మెల్లిగా వెళ్ళండి అనేదాన్ని. అలా ఇరవై ఆరు శనివారాలు. తరవాత రెండు వారాలు జ్వరమని రాలేదు. మూడో వారం వస్తారు, అప్పుడు అంటాననుకున్నాను.

ఆయన చివరగా తెచ్చిన పుస్తకం తిరిగి ఇవ్వడానికి మొన్న వాళ్ళ పేటకు వెళ్ళాను. ఊళ్ళోకి కాపురానికి వచ్చి నలభై మూడేళ్ళు, అటు వెళ్ళడం అదే మొదలు. ఇల్లు అడిగి తెలుసుకోవలసివచ్చింది. ఆయన భార్య నేనెవరో అడగలేదు. ఎవరో చదువుకున్నావిడ లైబ్రరీ పుస్తకం తెచ్చిందనుకొంది. పీట వేసి, లోపలినుంచి కవర్ల కట్ట తెచ్చింది.

"ఇజీనారం నుంచి ఎవులో పాప రాసీదమ్మా. మా ఆయన నవ్వుకుంటా సదువుకునీవోడు. ఏటి రాసిందో నాకు తెల్దు. మీకు సదువొచ్చు గదా, సదివి సెప్పండి."

ఆ దస్తూరీ నేను నేర్పినదే. ఐదు కవర్లు. నాలుగింటిలో అన్నీ పుస్తకాల కబుర్లే. ఏ దేశంలో ఎవర్ని ఏ నీళ్ళు తాగనివ్వలేదో, ఏ బడి తలుపు ఎవరు తెరిపించారో, ఏ పేజీ దగ్గర ఏడుపొచ్చిందో. పుస్తకం ముయ్యలేదట. ఐదోదానిలో ఇలా ఉంది: "మేష్టారూ, మా మామ్మ ఇప్పుడు పుస్తకం మీ చేతిలోంచి తీసుకొంటోందా? ఆవిడ బాధపడుతుందని దాచకండి. నిజం రాయండి."

అక్కడిదాకా ఒక్క వాక్యమూ వదలకుండా పైకి చదివాను. కింద ఇంకా అర పేజీ ఉంది.

"ఆ మామ్మ ఎవులమ్మా?" అంది.

"నేనే."

ఆమె నా మొహంలోకి చూసింది. "మా ఆయన ఈ సంగతి ఇంటికాడ ఎప్పుడూ సెప్పనేదు" అంది. ఖాళీ కవరు చేతిలో తిప్పుతూ, "మరి జవాబేటి రాసినాడో?" అంది.

"నాకు తెలీదు" అన్నాను. ఆ జవాబు విజయనగరంలో ఒక పిల్ల పెట్టెలో ఉంది. అడిగితే చెబుతుందేమో. నేనింకా అడగలేదు.

ఉప్పుమడుల మీది గాలికి ఉత్తరం నా చేతుల్లో కొట్టుకొంటోంది. ఆమె లేచి వచ్చి, నా పక్కన కింద కూర్చొని, కాగితం రెండో అంచు పట్టుకొంది.

"మిగతాది సదవండి" అంది.